గాలిమోటరు మీద మన పేరు

మా అమ్మమ్మది కోరుట్ల దగ్గరి పల్లె. రెండో ప్రపంచ యుద్ధం పేరెత్తితే ఆమెకు గుర్తొచ్చేది లెవీ. "జర్మనోని లడాయిల మా గుమ్మి ఊడ్సుకపోయిండ్రు బిడ్డా" అనేది. సర్కారు మనుషులు వచ్చి ఎన్ని వడ్లు ఉన్నయో రాసుకోవడం, తిండికి దాచుకున్నవి కూడా వాళ్లు చెప్పిన ధరకు కొలిచి ఇయ్యాల్సి రావడం, దొరవారి గరిసెల లెక్క మాత్రం పట్వారీ దస్త్రంలో ఎన్నడూ సరిగ్గా తేలకపోవడం, ఇవన్నీ నిన్నగాక మొన్న జరిగినట్టు చెప్పేది. అదే లడాయిల గాలిమోటర్లు ఊళ్ల మీద బాంబులు ఏసినయని కూడా ఆమెకు ఎరుకే. ఆ గాలిమోటర్ల దండులో కొన్నిటికి మన రాజ్యం పేరు ఉండేదని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు కూడా నలభై ఏళ్లు దాటినంక గాని తెలియలేదు.

బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 110వ నంబరు స్క్వాడ్రన్‌ను హైదరాబాద్ స్క్వాడ్రన్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని తొలి డీహెచ్ 9ఏ బాంబర్లను కొనిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. విమానాల మీద దాత పేరు రాసి ఉండేది. 1918 సెప్టెంబర్‌లో అవి ఫ్రాన్స్ చేరాయి. జర్మనీ లోపలికి పోయి పట్టపగలు బాంబులు వేసి రావడం వాటి పని. అక్టోబర్ 21న ఒక్క రోజే 7 విమానాలు తిరిగి రాలేదు. రెండో యుద్ధం వచ్చేసరికి నిజాం రాజ్యం పేరుతో ఇంకో రెండు స్క్వాడ్రన్లు తయారయ్యాయి, 152, 253. అవి ఫైటర్లు. 110 బ్యాడ్జీ మీద ఉన్న పులి నిజాం రాజచిహ్నంలోది. 152 బ్యాడ్జీ మీదైతే ఏకంగా నిజాం దస్తారే ఉంటుంది, కింద 'నమ్మకమైన మిత్రుడు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. బ్రిటిష్ వాళ్లు నిజాంకు ఇచ్చిన బిరుదు అది.

ఈ వ్యాసం ఆ స్క్వాడ్రన్ చరిత్ర కాదు. బాంబర్ ఎక్కి చనిపోయిన పడుచువాణ్ణి సాహిత్యం ఎట్లా గుర్తుపెట్టుకుంటుంది, ఆ గుర్తుపెట్టుకోవడంలో ఎవరెవరు జారిపోతారు అన్నది నా గొడవ. కోరుట్లలో కూర్చుని ఆ కవితలు చదివితే ఇంగ్లీషు విమర్శకులకు కనబడనిది ఒకటి కనబడుతుందని నా అనుమానం. మన నవలలు చదివేటప్పుడు మనకు కనబడనిది కూడా ఒకటి ఉంది. దానికి తర్వాత వస్తాను.

ముందు ఒక మనిషి గురించి చెప్పాలి.

1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే, సెప్టెంబర్ 4న, బ్రిటన్ ఆ యుద్ధంలో తన మొదటి బాంబు దాడి చేసింది. విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గర సముద్రంలో ఉన్న జర్మన్ యుద్ధనౌకల మీద. దాడికి ముందు నడిచింది 110 స్క్వాడ్రన్, అంటే హైదరాబాద్ స్క్వాడ్రన్, కెన్నెత్ డోరన్ నాయకత్వంలో. మబ్బులు కిందికి ఉన్నాయి, అందుకని బ్లెనిమ్ బాంబర్లు ఓడల కొయ్యల ఎత్తుకు దిగి పోయాయి. అడ్మిరల్ షీర్ అనే పెద్ద ఓడకు తగిలిన బాంబులు పేలలేదు. 110 నుంచి 5, 107 నుంచి 5, మొత్తం 10 విమానాలు ఓడల మీదికి పోతే 5 తిరిగి రాలేదు. అందులో నాలుగు 107వి. హైదరాబాద్ స్క్వాడ్రన్ పోగొట్టుకున్నది ఒక్కటే. దాన్ని నడిపిన వైమానికుడు ఫ్లయింగ్ ఆఫీసర్ హెచ్. ఎల్. ఎమ్డెన్.

ఆ రోజు ఒక బ్లెనిమ్ దెబ్బతిని ఒక జర్మన్ క్రూజర్ మీద కూలింది. ఓడ మీది నావికులు కూడా చనిపోయారు. ఆ ఓడ పేరు ఎమ్డెన్. కూలిన విమానం ఫ్లయింగ్ ఆఫీసర్ ఎమ్డెన్‌దేనని చాలా పుస్తకాలు రాస్తాయి.

ఈ ముచ్చట చదివిన మొదటిరోజు నాకూ ఒళ్లు జలదరించింది. పైగా మనకు అందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఈ ఓడకు ఆ పేరు పెట్టింది ఇంకో ఎమ్డెన్ జ్ఞాపకార్థం. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి, రేవులో చమురు ట్యాంకులు తగలబెట్టి పోయిన ఎమ్డెన్ అది. అప్పటి మద్రాసు అంటే తెలుగు పుస్తకాలు అచ్చయ్యే ఊరు, కోస్తా జిల్లాలకు రాజధాని. జనం ఊరొదిలి పారిపోయారు. తమిళంలో గడుసు మనిషిని ఎమ్డెన్ అనడం అప్పటి నుంచే వచ్చింది. హైదరాబాద్ పేరున్న దండు, మద్రాసును కాల్చిన ఓడ పేరున్న ఓడ, అదే పేరున్న పైలట్. కథ రాసుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కథ ఇంత బాగుండటమే చిక్కు. ఆ పైలట్ గురించి ఎవరు రాసినా ఈ ఒక్క మాటే రాస్తారు, ఎమ్డెన్ మీద ఎమ్డెన్ కూలాడని. పేరు కలవడం అనే వింత అతన్ని కాపాడింది, అదే అతన్ని మింగేసింది కూడా. అదే దాడిలో 107 స్క్వాడ్రన్ నుంచి చనిపోయిన పైలట్ ఒకతను బ్రయాన్ లైటోలర్. అతన్ని కూడా జనం మరిచిపోలేదు, ఎందుకంటే వాళ్ల నాయిన చార్లెస్ లైటోలర్ టైటానిక్ ఓడలో సెకండ్ ఆఫీసర్, ఆ ఓడ మునిగినా బతికి బయటపడ్డవాడు. ఒకతను ఓడ పేరు వల్ల గుర్తున్నాడు, ఇంకొకతను ఓడ మీది తండ్రి వల్ల. అవే విమానాల్లో వెనుక తుపాకీ దగ్గర, వైర్‌లెస్ దగ్గర కూర్చున్న సార్జెంట్లకు అట్లాంటి అదృష్టం కూడా లేదు. బ్లెనిమ్ మామూలుగా ముగ్గురు మనుషుల విమానం. ముచ్చటలో మాత్రం ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు.

ఇక్కడి నుంచి కవిత్వానికి వస్తాను. వైమానికుడి చావు మీద ఇంగ్లీషులో అందరికీ తెలిసిన కవిత యేట్స్ రాసిన 'ఐరిష్ వైమానికుడు తన చావును ముందే చూస్తాడు'. మన దగ్గర ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన వాళ్లలో చాలామందికి పరిచయమే. 1918 జనవరిలో ఇటలీలో చనిపోయిన మేజర్ రాబర్ట్ గ్రెగరీ మీద రాసింది. గ్రెగరీ నడిపింది ఫైటర్ విమానం, బాంబర్ కాదు, అయినా ఆ తర్వాత వైమానికుల మీద వచ్చిన ఎలిజీలన్నీ ఎక్కడో ఒకచోట ఈ కవితకు బాకీ ఉన్నాయి. చిన్న కవిత. చనిపోబోయే మనిషే మాట్లాడతాడు. ఎవరితో యుద్ధం చేస్తున్నాడో వాళ్ల మీద పగ లేదంటాడు, ఎవరి తరఫున చేస్తున్నాడో వాళ్ల మీద ప్రేమా లేదంటాడు. చట్టం కోసం కాదు, చప్పట్ల కోసం కాదు, ఆకాశంలో ఒంటరిగా ఎగిరే ఒక ఆనందం తనను ఇక్కడికి తెచ్చిందంటాడు. బతుకునూ చావునూ త్రాసులో పెట్టి తూచినట్టు చెబుతాడు. తన ఊరు కిల్టార్టన్ అనీ, తనవాళ్లు అక్కడి పేదజనమనీ, ఈ యుద్ధం ఎట్లా ముగిసినా వాళ్లకు నష్టం లేదు, లాభమూ లేదనీ అంటాడు.

క్లాసులో ఈ కవిత చెప్పేటప్పుడు త్రాసు గురించే చెబుతారు. వాక్యాల తూకం, భావాల తూకం. నిజమే, ఆ తూకం బ్రహ్మాండంగా కుదిరింది. నా కన్ను మాత్రం ఆ పేదజనం దగ్గరే ఆగిపోతుంది.

రాబర్ట్ గ్రెగరీ ఎవరు? కూల్ అనే ఎస్టేటుకు వారసుడు. కిల్టార్టన్ పేదల్లో చాలామంది ఆ ఎస్టేటు కౌలుదారులు. వాళ్లమ్మ లేడీ గ్రెగరీ పెద్ద మనిషి, అబ్బే థియేటర్ పెట్టిన వాళ్లలో ఒకరు, ఊరి జనం మాటలో కథలు సేకరించింది, నాటకాలు రాసింది. యేట్స్ ఏళ్లకేళ్లు ఎండాకాలం ఆ ఇంట్లోనే గడిపాడు. అంటే మన భాషలో చెప్పాలంటే దొర కొడుకు యుద్ధంలో చనిపోతే, గడీకి వచ్చిపోయే కవి అతని నోట పలికించిన మాట ఇది. ఈ లడాయి ఎట్లా అయినా నా రైతులకు ఒరిగేది లేదు, పోయేది లేదు అని.

సిరిసిల్ల, జగిత్యాల వైపు పుట్టినోళ్లం ఆ వాక్యం మీంచి తేలిగ్గా నడిచిపోలేం. రాజుల యుద్ధానికి రైతులతో సంబంధం లేదనడం వినడానికి వినయంగా ఉంటుంది, పేదల పక్షాన ఉన్నట్టు కూడా ఉంటుంది. కాని అది గడీ మేడ మీంచి చూసిన చూపు. కింది నుంచి చూస్తే యుద్ధం ఎంత దూరంలో జరిగినా దాని గిర్దావరు ఇంటికొస్తాడు. మా అమ్మమ్మకు ఆ యుద్ధం ఎట్లా ముగిసిందన్నది పట్టలేదు, ఆమేరకు యేట్స్ నిజమే చెప్పాడు. నడుస్తున్నన్ని రోజులు మాత్రం అది ఆమె గుమ్మిలోనే నడిచింది.

యేట్స్‌ను తప్పుపట్టి ఆగిపోదామంటే కుదరదు. ఆయన తనను తానే తప్పుపట్టుకున్నాడు. 1920లో ఐర్లండ్‌లో బ్రిటిష్ బలగాలు, బ్లాక్ అండ్ టాన్స్ అనేవాళ్లు, ఊళ్ల మీద పడ్డాయి. కిల్టార్టన్‌లో ఇంటి ముందు పసిబిడ్డతో ఉన్న ఒక తల్లిని లారీలో పోతూ కాల్చేశారు. అప్పుడు యేట్స్ 'రిప్రైజల్స్' అనే ఇంకో కవిత రాశాడు. అందులో నేరుగా గ్రెగరీతోనే మాట్లాడతాడు. ఇటలీలోని సమాధిలోంచి లేచి రా, నువ్వు ఏ సర్కారు కోసం విమానం ఎక్కినవో ఆ సర్కారు మనుషులు నీ కౌలుదారులను ఏం చేస్తున్నారో చూడు, అని. మొదటి కవితలో పేదలకు నష్టం లేదన్న మాటను రెండో కవిత వెనక్కి తీసుకుంటుంది.

కవితగా 'రిప్రైజల్స్' మొదటిదాని కాలిగోటికి చాలదు. కోపంలో రాసినట్టు తెలుస్తూనే ఉంటుంది, ఆ తూకం లేదు. ఆ తూకం పోవడమే అందులో నాకు నచ్చింది. త్రాసులో ఒక తక్కెడలో ఎవరిని పెట్టలేదో కవికి తెలిసిపోయిన తర్వాత అది నిలకడగా ఎట్లా ఉంటుంది?

లేడీ గ్రెగరీకి ఈ కవిత నచ్చలేదు. కొడుకును గోరీలోంచి లాక్కొచ్చి కవిత చేయడం ఆమె భరించలేకపోయింది, అందులో నిజాయితీ తక్కువైందని కూడా అనుకుంది. యేట్స్ అచ్చు వేయకుండా ఆపేశాడు. ఆయన పోయిన తర్వాత, 1948లో గాని అది వెలుగులోకి రాలేదు. యేట్స్ పక్షాన మాట్లాడే విమర్శకులు ఆ తల్లి అభ్యంతరాన్ని జమీందారిణి అలకగా కొట్టేస్తారు. నాకు అట్లా అనిపించదు. చచ్చిపోయిన కొడుకును ఎవరి వాదానికి వాళ్లు సాక్షిగా పిలుచుకుంటూ పోతే ఏ తల్లి ఊరుకుంటుంది? నేనిప్పుడు ఎమ్డెన్‌ను పిలిచింది కూడా లెవీ గురించి చెప్పుకోవడానికే కదా అని నన్ను నిలదీస్తే నా దగ్గర గట్టి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. అతన్ని హైదరాబాద్ పేరు కింద కూర్చోబెట్టింది నేను కాదు.

అమెరికన్ కవి రాండల్ జారెల్ ఈ చిక్కును ఇంకో దారిలో దాటాడు. 1945లో వచ్చిన 'బాల్ టరెట్ గన్నర్ చావు' ఐదే పాదాల కవిత. పెద్ద బాంబర్ల పొట్ట కింద అద్దాల గుండ్రటి గది ఒకటి వేలాడుతూ ఉండేది. పొట్టి మనిషిని చూసి అందులో కూర్చోబెట్టేవాళ్లు. మోకాళ్లు ముడుచుకుని, కొన్నిసార్లు తలకిందులుగా, రెండు తుపాకుల మధ్య. గర్భంలో పిండం లాగా ఉంటాడని జారెల్ తనే వివరణ రాశాడు. కవితలో ఆ మనిషి తల్లి నిద్రలోంచి జారి నేరుగా సర్కారు కడుపులో పడతాడు. చివరికి అతని శరీరాన్ని గొట్టంతో నీళ్లు కొట్టి కడిగేస్తారు. అంతే. దేశం లేదు, శత్రువు లేడు, ఆనందం లేదు, ఊరు పేరు లేదు. యేట్స్ వైమానికుడికి ఉన్న ఒంటరి ఠీవి ఇక్కడ మచ్చుకైనా లేదు. జారెల్ స్వయంగా వైమానిక దళంలో పనిచేశాడు, అయితే యుద్ధానికి పోలేదు, అరిజోనాలో నక్షత్రాలను బట్టి దారి కనుక్కోవడం నేర్పేవాడు. తను చదువు చెప్పి పంపినవాళ్లు తిరిగి రాలేదన్న ఎరుక ఆ కవితలో ఉందనిపిస్తుంది.

ఆయనదే 'లాసెస్' అనే ఇంకో కవిత ఉంది. అందులో వైమానికులు బడిలో పేర్లు నేర్చుకున్న ఊళ్లనే పైనుంచి కాలుస్తారు. ఇంగ్లీషులో వైమానికుల మీద వచ్చిన కవితల్లో బాంబు ఎక్కడ పడుతుందో ఇంత నేరుగా చూసినవి నేను చదివినంతలో చాలా తక్కువ. చచ్చినవాడూ చంపినవాడూ ఒక్కడే అని ఆ కవిత తప్పించుకోకుండా చెబుతుంది. యేట్స్ ఈ పని రెండు కవితల్లో, అదీ సగమే చేశాడు. నా ఓటు జారెల్‌కే. కాకపోతే జారెల్‌లో కూడా విమానం ఎవరి డబ్బుతో వచ్చిందన్న ప్రశ్న లేదు. అమెరికా పౌరుడికి ఆ ప్రశ్న రాకపోవడం అర్థం చేసుకోవచ్చు, వాళ్ల పన్ను, వాళ్ల విమానం, వాళ్ల పిల్లలు.

ఆ ప్రశ్న మనది. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' నోటికి వచ్చినోళ్లం కదా, ఏ ఘనకార్యం చూసినా దాన్ని మోసింది ఎవరని అడగడం మనకు అలవాటు. ఇక్కడ ఆ ప్రశ్నను కొంచెం జాగ్రత్తగా వేయాలి, ఎందుకంటే తొందరపడితే తప్పు లెక్క వస్తుంది. ఎమ్డెన్ నడిపిన బ్లెనిమ్‌ను నిజాం కొనియ్యలేదు. ఆయన ఇచ్చినవి 1918 నాటి విమానాలు. డబ్బు ఖర్చయిపోయి ఇరవై ఏళ్లు దాటినా పేరు మాత్రం స్క్వాడ్రన్‌కు అంటుకుని మిగిలింది. లెవీ వచ్చింది ఇంకా తర్వాత, 1940లలో. కాబట్టి మా అమ్మమ్మ వడ్లు ఎమ్డెన్ విమానానికి పోయాయని నేననలేను. అనగలిగింది ఇంతే. 1918లో ఇచ్చిన డబ్బు దీవానీ ఖజానాలోదైనా సర్ఫ్-ఎ-ఖాస్‌లోదైనా, హాలీ సిక్కా రూపంలో దున్నేవాడి చేతిలోంచి పోయిందే. కరీంనగర్ జిల్లాలో శిస్తు కట్టిన ఏ రైతునూ ఫ్రాంక్‌ఫర్ట్ మీద బాంబు వేయమంటావా అని ఎవరూ అడగలేదు.

ఈ సగం కథను తెలంగాణ నవల బాగా చెప్పింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', 'గంగు', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' చదివితే దొర, పట్వారీ, వెట్టి, సర్కారు ఒకదాంట్లో ఒకటి ఎట్లా అల్లుకుని ఉన్నాయో తెలుస్తుంది. ఆంధ్ర మహాసభ సభల్లో లెవీ మీద జరిగిన పోరాటం, ఆ తర్వాత సాయుధ పోరాటం, అందులో మన వైపు నుంచి గాలిపల్లి బద్దం ఎల్లారెడ్డి, 1948 మార్చిలో మహ్మదాపూర్ గుట్టల్లో చనిపోయిన అనభేరి ప్రభాకరరావు, ఇదంతా పాటలుగా, పుస్తకాలుగా మనకు ఉంది. మన సాహిత్యానికి వడ్లు ఇంటి గడప దాటేదాకా ప్రతి గింజా కనబడుతుంది. గడప దాటినంక ఎటు పోయాయన్నది పట్టదు. ఆ సర్కారు చేసిన ఇంకో పని, ఎక్కడో ఆకాశంలో పేరు రాయించుకున్న పని, ఆ విమానాలు ఎక్కి కాలిపోయిన పరాయి పిల్లలు, వాటి కింద కాలిపోయిన పరాయి ఊళ్లు, ఇవి మన కథలోవి అని మన నవల అనుకోలేదు. అనుకోవాల్సిన అవసరం ఏముందని ఎవరైనా అడగవచ్చు. తిండిగింజలకు కొట్లాడుతున్నవాణ్ణి పట్టుకుని ఫ్రాంక్‌ఫర్ట్ గురించి అడగడం అన్యాయమే. ఇప్పుడు రాసేవాళ్లకు ఆ మినహాయింపు లేదు.

కోస్తాకు ఈ అనుభవం ఇంకో వైపు నుంచి ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊళ్లు ఖాళీ అయ్యాయి. అంటే తెలుగువాళ్లు బాంబు కింద ఉన్నారు, బాంబర్ మీద పేరుగా కూడా ఉన్నారు. లోపల కూర్చున్నవాడి వైపు నుంచి మాత్రం మన భాషలో నాకు కవిత దొరకలేదు. తిలక్ 'సైనికుడి ఉత్తరం' ఉంది, అది నేల మీది సిపాయిది. ఉత్తరం అనే రూపం ఎంచుకోవడంలోనే తిలక్ గెలిచాడు, ఉత్తరం రాసేవాడికి ఎక్కడో ఒక ఇల్లు ఉండి తీరాలి. క్రిష్ తీసిన 'కంచె' సినిమాలో తెలుగు సిపాయి యూరప్ దాకా పోయాడు, అతనూ నేల మీదే నడిచాడు. ఆకాశం మన ఊహలో ఇంకా పురాణాలదే. పుష్పకం ఉంది, దాని పొట్ట కింద అద్దాల గదిలో ముడుచుకుని కూర్చున్న పొట్టి మనిషి లేడు.

ఈమధ్య నిజాం పేరెత్తితే మన దగ్గర రెండే రాగాలు వినబడుతున్నాయి. ఆయన కట్టించిన ఆసుపత్రులూ కాలేజీలూ చెప్పుకునేవాళ్లు ఈ విమానాలను కూడా దాతృత్వం ఖాతాలో వేస్తారు, ప్రపంచ యుద్ధానికే విమానాలిచ్చిన రాజు అని. ఆయన్ను దుర్మార్గుడిగా మాత్రమే చూసేవాళ్లు ఇది తెల్లవాళ్ల కాళ్లు మొక్కడం అని తీసిపారేస్తారు. రెండు వాదాల్లోనూ విమానం నిజాంది. లోపలి మనిషి ఎవరికీ అక్కర్లేదు. ఈ విషయంలో మనం ఆ ఎమ్డెన్ ముచ్చట రాసేవాళ్ల కంటే మెరుగేం కాదు.

లండన్ గ్రీన్ పార్క్‌లో 2012లో బాంబర్ కమాండ్ స్మారకం కట్టారు. రెండో యుద్ధంలో చనిపోయిన 55,573 మంది కోసం. మధ్యలో ఏడుగురు వైమానికుల కంచు బొమ్మలు, ఒక పెద్ద బాంబర్‌లో ఎంతమంది ఉంటారో అంతమంది. కట్టడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందంటే జర్మన్ ఊళ్ల మీద పడ్డ బాంబుల సంగతి బ్రిటన్‌కు గొంతులో ముల్లులా ఉండిపోయింది. చివరికి బాంబుల కింద చనిపోయిన అన్ని దేశాలవాళ్లనూ ఇది స్మరిస్తుందని ఒక మాట చెక్కించారు. ఒక్క వాక్యమే, అయినా ఆ వాక్యం లేకపోతే స్మారకం అబద్ధమయ్యేది. డబ్బు కట్టినవాళ్ల గురించి మాట లేదు. ఉండాలని నేను కోరడం లేదు. ఆ మాట రాయాల్సింది అక్కడ కాదు.

మా జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో ఒక కోట ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారంటారు. జాక్, తాల్ అనే ఆ ఇద్దరి పేర్ల మీదనే ఊరికి జగిత్యాల అని పేరొచ్చిందని కూడా చెప్పుకుంటారు. భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోకపోవచ్చు. మా ఊరివాళ్లు మాత్రం ఈ కథను ఇష్టంగా చెబుతారు. ఎవరో పరాయివాళ్లు వచ్చి మన నేల మీద పేరు వదిలిపోయారని చెప్పుకోవడం మనకు బరువనిపించదు. మన పేరు పరాయి ఆకాశంలో ఏం చేసి వచ్చిందో చెప్పుకోవడమే ఇంకా మొదలవలేదు.

నిజాం ఇచ్చిన ఆ డీహెచ్ 9ఏల్లో ఒకటి ఇంకా ఉంది. దాని నంబరు ఎఫ్ 1010. 1918 అక్టోబర్‌లో జర్మనీలో దిగిపోవాల్సి వచ్చి జర్మన్ల చేతికి చిక్కింది. లోపలి ఇద్దరూ బతికారు, ఖైదీలయ్యారు. విమానాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే దాన్ని తూర్పుకు తరలించారు, అట్లా పోలండ్‌కు చేరి క్రాకోవ్‌లో మిగిలింది. 1977లో బ్రిటిష్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ బదులిచ్చి దాన్ని తెచ్చుకున్నారు. ఇప్పుడు లండన్‌లో హెండన్ దగ్గర రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది, పక్కన హైదరాబాద్ పేరుతో, నిజాం పేరుతో. నేను ఫొటోలోనే చూశాను. రెక్కలకు కట్టిన బట్ట చాలా పల్చగా ఉంది. సిరిసిల్ల మనిషిని కాబట్టేమో, అక్షరాల కన్నా ముందు ఆ బట్ట మీదికే నా చూపు పోయింది.